డార్జిలింగ్ ఆవిరి ఇంజన్లు: రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

రైల్వే బోర్డు చైర్మన్ గారికి,

డార్జిలింగ్ హిమాలయన్ రైల్వేలో నడిచే ‘బి’ తరగతి ఇంజన్లు ట్యాంకు ఇంజన్లు. బొగ్గు, నీళ్లు మోసే టెండరు వీటి వెనక ఉండదు. నీటి ట్యాంకు బాయిలరు మీద జీనులా కూర్చుంటుంది. బొగ్గు కూడా ఇంజనుమీదే ఉంటుంది. ఉన్న నాలుగు చక్రాలూ బండిని లాగేవే కాబట్టి ఇంజను బరువంతా పట్టాలను పట్టి ఉంచడానికే ఉపయోగపడుతుంది. రెండడుగుల (610 మి.మీ.) గేజిలో, ఇరుకు మలుపుల్లో ఎక్కడానికి ఈ పొట్టి నిర్మాణమే సరిపోయింది.

సిలిగురి నుంచి డార్జిలింగ్‌కు ఈ దారి 1881లో పూర్తయింది. మైదానంలో బయలుదేరిన బండి ఘుమ్ దగ్గర 2,258 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దారిలో సొరంగం ఒక్కటీ లేదు. చుట్టు మలుపులు, ముందుకూ వెనక్కూ నడిచే జిగ్‌జాగ్‌లే కొండెక్కిస్తాయి. ‘బి’ తరగతి తొలి ఇంజన్లను 1889లో షార్ప్ స్టువర్ట్ కంపెనీ చేసింది. తర్వాత మరికొన్ని కంపెనీలు, తిన్‌ధారియాలోని రైల్వే సొంత వర్క్‌షాపు కూడా చేయగా మొత్తం 34 అయ్యాయి. అవి కొండమీదికి బియ్యం, కిందికి తేయాకు మోశాయి. డ్రైవరు, ఫైర్‌మన్‌తో పాటు బొగ్గు పగలగొట్టేవారు ఒకరు, తడి పట్టాలమీద చక్రాలు జారకుండా ముందు కూర్చుని ఇసుక చల్లేవారు ఇద్దరు ఉండేవారు.

1999లో యునెస్కో ఈ రైల్వేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2000 నుంచి డీజిల్ ఇంజన్లు వచ్చాయి. ఇప్పుడు ఆవిరి ఇంజన్లు ఎక్కువగా డార్జిలింగ్–ఘుమ్ మధ్య పర్యాటకుల బండ్లకే పరిమితమయ్యాయి. 777 నంబరు ఇంజను ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. 778 నంబరుది 1962లో అమెరికాకు, 2002లో బ్రిటన్‌కు వెళ్లింది. అక్కడ మరమ్మతు పొంది మళ్లీ నడిచింది.

మ్యూజియంలో నిలిపిన ఇంజను ఆకారాన్ని మాత్రమే కాపాడుతుంది. బాయిలరు గొట్టాలు మార్చడం, లోపల పేరుకున్న పొలుసు తీయడం, కొండ ఎక్కేటప్పుడు నిప్పును అదుపులో ఉంచడం వంటి పనులు చేతితోనే ఒకరి నుంచి మరొకరికి అందుతాయి. ఆ పని ఒక తరం ఆగితే, ఇంజన్లు మిగిలినా వాటిని నడిపేవారు మిగలరు. తిరుచ్చిరాపల్లి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు నీలగిరి రైలుకు కొత్త ఆవిరి ఇంజన్లనే తయారుచేసింది. కాబట్టి ఈ పని రైల్వేలకు అసాధ్యం కాదు.

రైల్వే బోర్డు మూడు పనులు చేపట్టాలి. తిన్‌ధారియాలో ఏటా కొత్తవారిని ఆవిరి పనికి శిక్షణలో చేర్చుకోవాలి. ప్రతి ఇంజను నమూనాలనూ మరమ్మతుల చరిత్రనూ భద్రపరచాలి. కర్సియాంగ్ నుంచి డార్జిలింగ్ దాకా కొండదారిలో క్రమంతప్పకుండా ఆవిరి బండి నడపాలి. పని చేస్తూ ఉండడమే ఈ ఇంజన్లకు అసలైన సంరక్షణ. దానికి అవసరమైన డబ్బునూ మనుషులనూ బోర్డు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక రైల్వే అభిమాని