మూడవ తరగతి చదువు – తెరమీది బడి

బాలుని చదువులో మూడవ తరగతి యొక సంధికాలము. మొదటి రెండు తరగతులలో బిడ్డ చదువుట నేర్చుకొనును. నాలుగవ తరగతి మొదలుకొని చదివి నేర్చుకొనును. ఈ రెంటికిని నడుమ నున్న వంతెన మూడవ తరగతి. ఆ వంతెన దాటిన బిడ్డకు గణితమును, పరిసరముల విజ్ఞానమును పుస్తకమే బోధింపగలదు. దాటలేని బిడ్డకు ప్రతి పుస్తకమును మూసిన తలుపే యగును. కావుననే భారత ప్రభుత్వము 2021 జూలై 5వ తేదీన ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమమున, 2026–27 నాటికి ప్రతి బిడ్డయు మూడవ తరగతి ముగియునప్పటికి అర్థము గ్రహించుచు చదువుటయు, వ్రాయుటయు, చిన్న లెక్కలు చేయుటయు నేర్వవలెనని లక్ష్యముగా పెట్టుకొనినది.

ఇట్టి తరగతిని ఫోను తెరమీద నడుపవచ్చునా? నడుపవలసి వచ్చినచో నెట్లు నడుపవలెను? ఇది గడచిపోయిన కాలపు ప్రశ్న యని కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. 2020–21వ సంవత్సరమున మూడవ తరగతిలో నుండిన పిల్లలే నేడు ఉన్నత పాఠశాలల బల్లలమీద కూర్చుండి యున్నారు. వారి గతి యేమాయెనో విచారించుట మన విధి.

జరిగిన సంగతిని ముందుగా స్మరింతము. 2020 మార్చిలో కోవిడ్ వ్యాధి కారణముగా మన రాష్ట్రమున బడులన్నియు మూతపడెను. ఒకటవ తరగతి మొదలు ఐదవ తరగతి వఱకు గల చిన్నవారు మఱల బడిమెట్లెక్కినది 2021 ఫిబ్రవరి 1వ తేదీన. ఏప్రిల్ 20వ తేదీ మొదలు వారికి మఱల సెలవులు వచ్చెను. ఆగస్టు 16వ తేదీన గాని తలుపులు తెఱువబడలేదు. అనగా ఆ యేడు మూడవ తరగతి బిడ్డ ఉపాధ్యాయుని యెదుట కూర్చుండిన కాలము సుమారు పదునొకండు వారములు మాత్రమే. తక్కిన కాలమున దూరదర్శన్ సప్తగిరిలో వచ్చిన విద్యావారధి పాఠములును, ఆకాశవాణి పాఠములును, వాట్సాప్‌లో పంపబడిన అభ్యాసపత్రములును, స్తోమతు గలవారికి జూమ్, గూగుల్ మీట్ తరగతులును ఆధారములైనవి. విశాఖపట్టణమునకు ఆ యేడు వేఱొక కష్టమును తోడాయెను. మే 7వ తేదీ వేకువజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ వాయువు వెలువడగా, ఆర్.ఆర్. వేంకటాపురము చుట్టుపట్ల వారు ఇండ్లు విడిచి పరుగెత్తవలసి వచ్చెను. ఇల్లే నిలుకడగా లేని బిడ్డకు ఇంటిబడి యెక్కడిది?

ఇక ఫోను సంగతి. ప్రథమ్ సంస్థవారి అసర్ నివేదికలను బట్టి గ్రామీణ భారతమున బడి పిల్లల కుటుంబములలో స్మార్ట్‌ఫోన్ గలవి 2018లో నూటికి 36.5 కాగా 2020 నాటికి 61.8 అయినవి. పెరుగుదల గొప్పదే. కాని ఇంట ఫోనుండుట వేఱు. ఉదయము పది గంటలకు అది బిడ్డ చేతికందుట వేఱు. మన పట్టణమునే చూడుడు. ఉక్కు కర్మాగారమున ఏ షిఫ్టునకు పోవు తండ్రితో ఫోనును పోవును. ఓడరేవులో సరుకు దించు కూలివాని జేబులో, చేపల రేవునుండి వేటకు పోవు జాలరి పడవలో అది యుండును. ఇంట ముగ్గురు పిల్లలున్నచో, పదవ తరగతి వానికి పరీక్ష గలదు గనుక వానిదే మొదటి హక్కు. మూడవ తరగతి బిడ్డ వంతు వచ్చుసరికి రాత్రి తొమ్మిది గంటలగును. కన్నులు మూతలు పడుచుండును. ఆ దినపు డేటా యంతకు మునుపే యయిపోయి యుండును.

ఫలితమేమి? అదే అసర్ సర్వేక్షణలో, రెండవ తరగతి పాఠమును చదువగలిగిన మూడవ తరగతి పిల్లలు దేశమున గ్రామసీమలలో 2018లో నూటికి 27.3, 2022లో 20.5, 2024లో 27.1. ఈ మూడంకెలను చూచి, పడినది లేచినది గదా యని సంతోషించువారు కలరు. మేమును సంతోషింతుము, కాని రెండు మాటలు మనవి చేయక తప్పదు. మొదటిది: వ్యాధికి పూర్వమును నూటికి డెబ్బదిమందికి పైగా ఆ పాఠమును చదువలేకుండిరి. కావున నేరమంతయు తెరదే యనుట న్యాయము గాదు. రెండవది: 2024లో మూడవ తరగతిలో నుండినవారు 2020 నాటి పిల్లలు గారు. లేచినది క్రొత్త తరగతి. పాతవారు తమ లోటును సంచిలో నుంచుకొనియే పై తరగతుల కెక్కిరి. ఆ లోటును కొలుచు లెక్క ఈ మూడంకెలలో లేదు.

తెర యే పనికి చాలదో వివరముగా చెప్పుట యవసరము. లేనిచో మన విమర్శ వట్టి నిట్టూర్పగును.

చెవి సంగతి మొదట. మన బడులలో చిన్నవారు కలిసి గొంతెత్తి చదువుదురు. బెదరు గల పిల్ల నలుగురి గొంతులలో తన గొంతు దాచుకొని ధైర్యము తెచ్చుకొనును. నెట్ తరగతిలో ఒక్కొక్కరి మాట యొక్కొక్క క్షణమున చేరును గనుక కలిసి చదువుట పొసగదు. అందఱి మైకులు మూసి ఒక్కరిని చదివింపవలసి యుండును. డిక్టేషన్ చెప్పినప్పుడు ‘పల్లు’ అనినదో ‘పళ్లు’ అనినదో చిన్న ఫోను స్పీకరులో తేలదు. శ, ష, సలు మూడును ఒక్క గాలిగానే వినబడును. బిడ్డ తప్పు వ్రాసినచో అది బిడ్డ తప్పో నెట్‌వర్కు తప్పో ఉపాధ్యాయురాలికి తెలియదు.

కంటి సంగతి రెండవది. మన లిపిలో అర్థము అక్షరము క్రిందను, మీదను వ్రేలాడుచుండును. ఒక్క హల్లునకు గుణింతములో పదునాఱు రూపములు. అవి గాక వత్తులు. త, న, మ, య, ర, ల అక్షరముల వత్తులు తమ మూలరూపమును పోలక వేఱు గుర్తులై యుండును. ఇవి సరిగ మూడవ తరగతిలోనే సంయుక్తాక్షరములతో గట్టిపడవలసినవి. ఆఱంగుళముల తెరమీద పాఠ్యపుస్తకపు పుట నంతయు చూపినచో వత్తు చీమ తలకాయంత యగును. బిడ్డ దానిని చూడక, మాట మొదటి యక్షరమును పట్టుకొని తక్కినది ఊహించి చదువును. ఊహ యలవాటైన పిదప మాన్పుట మిగుల కష్టము.

చేతి సంగతి మూడవది, అన్నిటికంటె పెద్దది. వ్రాత యనగా చేతి నడక. తలకట్టు ముందా, మెలిక ముందా? సున్న నేవైపు చుట్టవలెను? మ, య లలో కొమ్మెక్కడ తిరుగును? బడిలో నుపాధ్యాయురాలు వెనుకగా వచ్చి బిడ్డ చేతిమీద చేయి వేసి దిద్దించును. ఇంటినుండి వచ్చు నోటుపుస్తకపు ఫోటోలో పూర్తియైన యక్షరము కనబడును; అది యెక్కడ మొదలై యెట్లు తిరిగినదో కనబడదు. వ్రాసినది బిడ్డయో అక్కయో, అదియు కనబడదు.

ఐనను తెరమీది బడివలన మేలు లేదనుట మా యభిప్రాయము గాదు. బడులు మూసిన దినములలో ఉపాధ్యాయురాలి గొంతు విన్న బిడ్డకు బడి యింకను కలదను నమ్మకము నిలిచినది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలోని తాతగారి యూళ్లకు పోయిన పిల్లలు తరగతితో సంబంధము తెంచుకొనలేదు. కథను మఱల మఱల వినుటకు రికార్డు చేసిన పాఠము మంచిది. గూగుల్ సంస్థ 2019లో ‘బోలో’ యను పేర వెలువరించి పిదప తెలుగునకును విస్తరించిన చదువు యాప్ బిడ్డ చదువుచుండగా విని తప్పును సూచింపగలిగినది. ఇట్టివి యింకను వచ్చును, రావలెను. కాని యంత్రము తప్పును పట్టగలదు గాని, తప్పు చెప్పినందులకు చిన్నబోయిన ముఖమును చూచి, ‘ఫరవాలేదమ్మా, మఱల చదువు’ అని దగ్గఱకు తీసికొనలేదు.

మా యభిప్రాయ మిదియే: మూడవ తరగతి బిడ్డకు దూరమునుండి చదువు చెప్పవచ్చును, కాని దగ్గఱ నొకరు కూర్చుండినప్పుడు మాత్రమే. తెర ఊతకఱ్ఱ, నడిపించు చేయి వేఱుగా నుండవలెను.

ఆ చేయి యెవరిది? దీనికి మన దేశమే యొకప్పుడు లోకమునకు సమాధానము చెప్పినది. 1789లో మద్రాసు ఎగ్మూరులోని సైనిక అనాథ బాలుర శరణాలయమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అనునతడు, నాటు బడిపిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుట చూచి, ఆ పద్ధతిని తన బడిలో ప్రవేశపెట్టెను. చదువు వచ్చిన పిల్లవాడు రానివానికి చెప్పు నేర్పాటు చేసెను. 1797లో అతడు లండనులో ప్రచురించిన పుస్తకము వలన ఆ పద్ధతి మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండులోను, ఇతర దేశములలోను వ్యాపించినది. ఉపాధ్యాయులకు మాఱుగా పిల్లలను పెట్టుట నేడు తగదు. కాని ఉపాధ్యాయురాలు తెరమీద నుండగా బిడ్డ ప్రక్కన ఒక అన్నయో అక్కయో కూర్చుండుట తగును.

కావున బడియాజమాన్యమునకును, తలిదండ్రులకును మేము మనవి చేయునది యేమనగా: మఱల బడి మూయవలసి వచ్చినచో, మూడవ తరగతికి నలువదిమందిని ఒక్క తెరమీద కూర్చుండబెట్టి గంటసేపు పాఠము చెప్పుట మానవలెను. ఐదాఱుగురు పిల్లలు, ఇరువది నిమిషములు, దినమునకొక చిన్న పాఠము. అదియు తండ్రి పనినుండి వచ్చిన పిదప నైన సరియే. పాఠము తెరమీద గాక అచ్చుకాగితముగా బిడ్డ చేతిలో నుండవలెను. తెర గొంతుకు మాత్రమే. వ్రాత వేళ ఫోనును బిడ్డ ముఖమునకు గాక చేతికి చూపవలెను. ఒక గ్లాసునకు ఆనించి పలకవైపు వంచిన చాలును. సాయంకాలము బిడ్డ నాలుగు పంక్తులు చదివి వాయిస్ మెసేజి పంపవలెను. మఱునాడు దానికి ఉపాధ్యాయురాలి గొంతుతోనే జవాబు పోవలెను. మఱియు మన ఉన్నత పాఠశాలలోని ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు ఒక్కొక్కరు తమ వీధిలోని చిన్న బిడ్డ నొకరిని ఇప్పుడే ఎన్నుకొని, సెలవు దినములలో అరగంట సేపు ప్రక్కన కూర్చుండి చదివింప మొదలుపెట్టవలెను. మల్కాపురములోను, కంచరపాలెములోను, గాజువాకలోను, జాలారిపేటలోను ఇట్టి అన్నలకును అక్కలకును కొదువ లేదు.

‘మాకు చదువు రాదు, మేమేమి చేయగలము?’ అని యడుగు తల్లులకు ఒక్క మాట. మీరు చదివింప నక్కఱలేదు, వినుడు. వంట చేయుచు, ‘ఏదీ, ఆ కథ చదివి వినిపించు’ అనుడు. బిడ్డ ఎక్కడ ఆగుచున్నదో మీ చెవికే తెలియును. బిడ్డ ‘నాను సంద్రం కాడికి ఎల్లాను’ అని మీ యింటి మాటలో వ్రాసినచో వెక్కిరింపకుడు, వెక్కిరింపనీయకుడు. మనసులోని సంగతిని అక్షరములలో పెట్టగలిగినది, అదియే ఘనకార్యము. పుస్తకపు మాట మెల్లగా దానిప్రక్కన వచ్చి చేరును.

మఱియొక సంగతి మఱువరాదు. మనది తుపానుల తీరము. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను ఈ పట్టణమును తాకినప్పుడు చెట్లతోబాటు విద్యుత్తును, ఫోనులును పడిపోయెను. అట్టి దినములలో ఏ తెరయు వెలుగదు. పలక, బలపము, ఒక కథల పుస్తకము, ప్రక్కన నొక పెద్దచేయి – ఇవియే అన్ని కాలములందును పని చేయు సాధనములు. వీనిని సిద్ధము చేసికొనిన బడికి తెర యదనపు బలము; వీనిని విడిచిన బడికి తెర యదనపు భారము.

తుదకు, ఆ కాలమున మూడవ తరగతిలో నుండి నేడు మన నడుమ నున్న విద్యార్థులారా! మీలో కొందఱికి నేటికిని గొంతెత్తి చదువుమనిన గుండె దడదడలాడును. సంయుక్తాక్షరము వచ్చినచోట కన్ను జాఱును. అది మీ మందబుద్ధి గాదు. మీకు దొరకవలసిన దినములు మీకు దొరకలేదు. అడుగుటకు సిగ్గుపడకుడు. ఉపాధ్యాయులును ఉన్నత తరగతులలో వారమునకు రెండు గంటలైనను, మార్కులతో సంబంధము లేని పఠనమునకు కేటాయింతురు గాక. మూడవ తరగతిలో దాటవలసిన వంతెనను ఎనిమిదవ తరగతిలో దాటినను అవతలి యొడ్డు ఒక్కటే. ఇవతల నిలిచిపోయినవారిని చేయి పట్టి దాటించుట ముందు దాటినవారి ధర్మము.