ఒక కుర్చీ ఖాళీ అయితే...



2024 నవంబరు ఎన్నికల మర్నాడు హాస్పిటల్లో ఒక మిత్రుడు మమ్మల్ని ఆపి అడిగారు: "డాక్టరు గారూ, మిషిగన్ రాష్ట్రమంతా ఆవిణ్ణి సెనేట్‌కి గెలిపించింది కదా, మరి ఆవిడ ఖాళీ చేసిన మన లాన్సింగ్ సీటు అవతలి పార్టీకి ఎలా పోయింది?" డ్యూటీ హడావుడిలో ఏదో చెప్పి తప్పించుకున్నాం. ఆ బాకీ ఈ నెల తీరుస్తున్నాం.

కథ 2023 జనవరిలో మొదలయింది. 2001 నుంచి సెనేటర్‌గా ఉన్న డెబీ స్టాబెనో మళ్ళీ పోటీ చేయనన్నారు. ఆరేళ్ళ పదవి, ఎదుట పాతకాపు లేని పోటీ. అలాంటి అవకాశం ఎప్పుడో గాని రాదు. మన 7వ నియోజకవర్గం సభ్యురాలు ఎలిసా స్లాట్కిన్ వెంటనే బరిలోకి దిగారు. అయితే ప్రతినిధుల సభకు రెండేళ్ళకోసారి ఎన్నిక. అదీ సెనేట్ ఎన్నిక రోజునే. 1985లో ఎన్.టి. రామారావు గారు గుడివాడ, హిందూపురం, నల్లగొండ మూడు చోట్లా నిలబడి మూడూ గెలిచారు. ఇక్కడ ఆ వీలు లేదు. పై మెట్టు ఎక్కాలంటే కింది మెట్టు వదులుకోవాల్సిందే.

2022లో స్లాట్కిన్ ఇక్కడ టామ్ బారెట్‌ను 5 శాతానికి పైగా తేడాతో ఓడించారు. 2024లో అదే బారెట్ మళ్ళీ నిలబడ్డారు. ఈసారి ఎదుట కర్టిస్ హెర్టెల్. బారెట్ దాదాపు 4 శాతం తేడాతో గెలిచారు. అదే రోజు సెనేట్ పోటీలో స్లాట్కిన్ 20 వేల లోపు ఓట్ల తేడాతో గట్టెక్కారు.

ప్రతి జ్వరానికీ ఒకే కారణం చెప్పకూడదని మాకు చదువుకునే రోజుల్లోనే నేర్పారు. ఆ ఏడు మిషిగన్‌లో ట్రంప్ కూడా గెలిచారు. ఆ గాలీ వీచింది. అయినా మూడుసార్లు గెలిచిన మనిషి సంపాదించుకున్న పేరూ, పరిచయాలూ ఆ సీటుకు కొత్తగా నిలబడ్డ మనిషికి ఆస్తిలా సంక్రమించవు. అందుకే పై కుర్చీ ఖాళీ అయితే కింది కుర్చీ కదులుతుంది. ఆ ఎన్నికల్లో ప్రతినిధుల సభ 220, 215గా చీలింది. అలాంటి సభలో ఒక్క సీటు ఎంత బరువో వేరే చెప్పాలా?

ఏ పార్టీ మంచిదో చెప్పడం ఈ శీర్షిక పని కాదు. మా తప్పు మాత్రం ఒప్పుకోవాలి. పౌరసత్వం వచ్చాక అది మా మొదటి అధ్యక్ష ఎన్నిక. అధ్యక్షుడి గడి, సెనేట్ గడి నింపాం. కాంగ్రెస్ దగ్గరికి వచ్చేసరికి ఆ పేర్లలో ఎవరెవరో తెలియక ఖాళీగా వదిలేశాం. మూలవిరాట్టును దర్శించుకుని, ఉపాలయాల వైపు చూడకుండా చెప్పుల దగ్గరికి పరుగెత్తినట్టయింది. ఆ తరువాత మా అమ్మగారి వీసా కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. ఎవరికి ఉత్తరం రాయాలని విచారిస్తే, "మీ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు" అన్నారు. అంటే మేము వదిలేసిన గడికే!

ఈ కుర్చీలాట అక్కడితో ఆగలేదు. 2025 జనవరిలో రెండో సెనేటర్ గేరీ పీటర్స్ 2026లో పోటీ చేయనన్నారు. ఏప్రిల్లో డెట్రాయిట్ పక్క ఓక్లండ్ కౌంటీలోని 11వ నియోజకవర్గం సభ్యురాలు హేలీ స్టీవెన్స్ ఆ స్థానానికి దిగారు. ఆవిడ సీటూ ఖాళీ. ఒక పార్టీకి బలమున్న చోట అసలు పోటీ నవంబరులో కాదు, ఆగస్టు ప్రైమరీలోనే తేలిపోతుంది. ఆ నెలలో మనం సెలవులని ఇండియా వెళ్ళిపోతూ ఉంటాం. టిక్కెట్టు కొన్న రోజే పోస్టు బ్యాలెట్ కూడా అడగండి.

పెద్ద కుర్చీ ఖాళీ అయిందని విన్నప్పుడల్లా, దాని కింద మన ఊరి కుర్చీ ఎవరిదో కనుక్కోండి. ఇల్లలకగానే పండగ కాదు.