రివిజన్ తర్వాత లెక్క తేల్చేదెవరు?

పిల్లల మనోవర్తి కేసులో తీర్పు రాగానే గొడవ ముగిసిందనుకుంటే పొరపాటే. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో మేజిస్ట్రేటు నెలకింతని నిర్ణయిస్తారు. తండ్రి రివిజన్‌కు వెళ్తాడు. నెలలు గడిచాక పైకోర్టు ఆ మొత్తాన్ని తగ్గించొచ్చు. తగ్గింపు ఏ తేదీ నుంచో ఉత్తర్వులో ఒక్క వాక్యం లేకపోతే బకాయి ఎంతో ఎవరికి వారే లెక్క కట్టుకుంటారు.

నెలకు 5,000 రూపాయలన్నది 18 నెలల తర్వాత 4,000 అయిందనుకుందాం. తండ్రి అప్పటికి కట్టింది 60,000. పాత లెక్కన బకాయి 30,000. తగ్గింపు మొదటి నుంచీ వర్తిస్తే 12,000. మొత్తం 90,000 కట్టేసిన తండ్రికైతే 18,000 అదనం.

ఆ అదనం ఏం కావాలి? బిడ్డ అన్నానికీ బడి ఫీజుకూ ఖర్చయిపోయిన డబ్బును తల్లి చేత కక్కించకూడదు. అలాగని తండ్రి కట్టింది నీళ్లపాలు కానక్కర్లేదు. నెలకు 500 చొప్పున ముందు వాయిదాల్లో తగ్గిస్తే 36 నెలల్లో సరిపోతుంది. నాలుగైదు నెలలు ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం పస్తుండేది పిల్లలే. వేర్వేరు కేసుల్లో వచ్చిన మనోవర్తిని సర్దుబాటు చేయొచ్చని, దరఖాస్తు తేదీ నుంచే ఇప్పించాలని 2020 నవంబరు 4న రజనీశ్-నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రివిజన్‌లోనూ ఆ పద్ధతి పాటించడానికి అడ్డేమిటి?

నిజమైన బకాయి దగ్గర మాత్రం మెతకదనం పనికిరాదు. నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, అంటే పాత సీఆర్‌పీసీ 125, ఒక్కో నెల బకాయికి నెల వరకూ జైలు వేయనిస్తుంది. జైలుకెళ్లొచ్చాను కాబట్టి బాకీ తీరిందన్న వాదన చెల్లదని సుప్రీంకోర్టు మూడు దశాబ్దాల కిందటే కుల్దీప్ కౌర్ కేసులో తేల్చేసింది. కానీ వసూలు వారెంటుకు సొమ్ము చెల్లించాల్సిన రోజు నుంచి ఏడాదిలోపే దరఖాస్తు పెట్టాలి. రివిజన్ తేలనీ అని ఆగిన తల్లి ఆ గడువు పోగొట్టుకోవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల చట్టమే ఇస్తోంది. న్యాయసేవల కమిటీలు ఈ గడువు సంగతి మొదటి రోజే చెప్పాలి.

ఇక నగదు పేచీ. వాయిదా రోజు కోర్టు వరండాలో చేతికిచ్చానంటాడు ఆయన, అందలేదంటుంది ఆమె. బంగారం అంగళ్లలోనో నాపరాళ్ల గనుల్లోనో కూలి చేతికే అందే మనిషి దగ్గర రసీదు ఎక్కడిది? కువైట్ నుంచి బంధువు చేత పంపిన సొమ్ముకైతే సాక్ష్యమే ఉండదు. బ్రిటన్‌లో లెక్క కట్టి వసూలు చేయడానికి ప్రభుత్వ సంస్థ ఉంది. మనకు అది లేదు కాబట్టి బ్యాంకు ఖాతాలోనే జమ చేయాలని కోర్టులు మొదటి ఉత్తర్వులోనే రాయాలి.

రివిజన్‌లో మొత్తం మార్చే ప్రతి ఉత్తర్వు చివరా అమలు తేదీ, కట్టినది, కట్టాల్సినది, సర్దుబాటు వాయిదా రాసి తీరాలని హైకోర్టు ఒక సర్క్యులర్ పంపాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.