కమ్‌కు హోమ్ కుదరదు

పోయిన నెల మా మనవరాలి నోటుబుక్కులో రెండు ఎర్ర ఇంటు గుర్తులు పడ్డాయి. తప్పు పాపది కాదు, నాది.

మా కోడలు గార్మెంట్స్‌కు పోతుంది, ఇంటికొచ్చేసరికి ఏడున్నర. కొడుకుది ఆటో, వాడికి వేళాపాళా లేదు. అందుకని హోంవర్కు నా మీద పడింది. నేను చదివింది అయిదో క్లాసు. ఇంగ్లీషు అక్షరాలు బడిలో రాలేదు, మిల్లులోనే వచ్చాయి. బేళ్ల మీద, మిషన్ల మీద, జీతం చీటీ మీద చూసి చూసి నేర్చుకున్నవే.

పాప రెండో క్లాసు. రైమింగ్ వర్డ్స్ అని ఇచ్చారు. ఒక మాట ఇస్తారు, అదే మోతతో ముగిసే ఇంకో మాట రాయాలి. క్యాట్‌కు బ్యాట్, హెన్‌కు పెన్. అంతవరకూ బాగానే జరిగింది. తర్వాత కమ్ వచ్చింది. స్పెల్లింగు చూశాను. చివర ఓ, ఎమ్, ఇ. హోమ్‌లోనూ అవే ఉన్నాయి కదా, రాసేయ్ అన్నాను. ఫూడ్‌కు గుడ్ రాయించాను. రెండింట్లోనూ రెండు ఓలు, ఒక డి. రెండూ తప్పయ్యాయి. మర్నాడు పాప, "నీకు రాదులే తాతా, మిస్‌నే అడుగుతా" అంది. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అనేసి బ్యాగు సర్దుకుంది.

ఆ రాత్రి పడుకుని అదే ఆలోచించాను. వందల మగ్గాలు ఒక్కసారి మోగే షెడ్డులో పనిచేసినవాణ్ణి. నా మగ్గం చప్పుడు కాస్త మారితే తల తిప్పకుండానే తెలిసేది. అలాంటి చెవి పెట్టుకుని, ప్రాసను కంటితో వెతికాను!

మన తెలుగులో ఈ చిక్కు లేదు. రాసిందే పలుకుతాం. పైగా మన పద్యాల్లో ప్రాస రెండో అక్షరం దగ్గర ఉంటుంది. సుమతీ శతకంలో అక్కరకు రాని చుట్టం పద్యం మనందరికీ వచ్చు. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం చూడండి, 'క్క'నే. ఇంగ్లీషువాళ్లది తోక దగ్గర. మనకూ అది లేకపోలేదు, అంత్యప్రాస అంటారు. ఆరుద్ర గారి కూనలమ్మ పదాల్లో మొదటి మూడు పాదాలూ అలాగే ముగుస్తాయి.

మరి ఇంగ్లీషు స్పెల్లింగు ఎందుకలా ఉందని మా వఠారంలో ఉండే రిటైరయిన మేష్టారిని అడిగాను. నైట్‌లో జి, హెచ్ ఒకప్పుడు పలికేవారట. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండుకు అచ్చుయంత్రం తెచ్చాడు. అచ్చువల్ల స్పెల్లింగులు మెల్లగా కుదురుకున్నాయి, నోరు మాత్రం మారుతూ పోయింది. కాబట్టి స్పెల్లింగును నమ్మకూడదు. స్టార్, ఆర్ చూడండి, అక్షరాలు వేరు, మోత ఒకటే. ఆ స్టార్ పాట మన పిల్లలకే కాదు, కన్యాశుల్కంలో గిరీశానికీ వచ్చు.

మర్నాడు పలక తీశాను. లైట్ అన్న మాటను తెలుగులో రాసి, 'ల' తీసేసి, తోకను ఉంచాను. "ఇప్పుడు క నుంచి హ దాకా ఒక్కో అక్షరానికి ఐత్వమిచ్చి ఈ తోక తగిలించు" అన్నాను. కైట్, టైట్, నైట్, ఫైట్, బైట్, మైట్, రైట్, వైట్, సైట్, హైట్. గైట్ లేదు, చైట్ లేదు, వదిలేశాం. వత్తులు పెడితే బ్రైట్, ఫ్లైట్ కూడా దొరికాయి. సైట్ అనగానే బెంగళూరువాణ్ణి కదా, నాకు ముప్పై నలభై జాగా గుర్తొచ్చింది. పాపకు కంటిచూపు గుర్తొచ్చింది. ఏదైనా ప్రాస కుదురుతుంది.

హ్రస్వానికి హ్రస్వం, దీర్ఘానికి దీర్ఘం ఉండాలి. ఫూడ్ దీర్ఘం, గుడ్ హ్రస్వం, అందుకే ఇంటు పడింది. ఫూడ్‌కు మూడ్ సరిపోతుంది, గుడ్‌కు వుడ్. కమ్‌కు సమ్, డ్రమ్, గమ్. బొటనవేలు థమ్ కూడా వస్తుంది, దాని చివర బి ఉంది కానీ పలకదు. లూమ్‌కు రూమ్, బ్రూమ్ అని నేనే చెప్పాను. మగ్గానికి ప్రాస అడిగే పుస్తకం ఏదీ కనపడలేదు.

మన లిపి కూడా ఒకచోట మోసం చేసింది. ఎయిట్, వెయిట్ అని యి పెట్టి రాస్తాం. లేట్, గేట్ అని ఏత్వంతో రాస్తాం. ఇంగ్లీషు నోట్లో ఈ నాలుగూ ఒకటే మోతట. మేష్టారు చెప్పాకే తెలిసింది. కాబట్టి రాశాక ఒకసారి పైకి చదివించండి. చదువు రాని అమ్మమ్మలైనా ఆ మోత కలిసిందో లేదో చెప్పగలరు.

మొన్న పాప స్కూలు నుంచి వస్తూనే చెప్పులు విడవకుండా, "తాతా, ఆరెంజ్‌కు చెప్పు" అంది. క నుంచి హ దాకా రెండుసార్లు తిరిగాం. ఏదీ తగల్లేదు. మేష్టారు నవ్వి, వాడుకలో ఉన్న ఇంగ్లీషు మాటల్లో దానికి సరైన ప్రాస లేదన్నారు. పాప ఒప్పుకోలేదు. ఇంకోసారి తిరుగుదాం రా అని పలక నా ఒళ్లో పెట్టింది.