వద్దు వేరు, లేదు వేరు

డాష్‌బోర్డు అనే మాట గుర్రబ్బండ్ల నాటిది. పశ్చిమ దేశాల్లో బండి ముందు భాగాన, తోలేవాడి కాళ్ళ దగ్గర, ఒక చెక్కపలకో తోలుపలకో అడ్డంగా బిగించేవారు. గుర్రం డెక్కలతో ఎగజిమ్మే బురద కూర్చున్నవారి మీద పడకుండా ఆపటమే దాని పని. తరువాత గుర్రం పోయి మోటారు వచ్చింది. బురదపలక మాత్రం అక్కడే ఉండిపోయి, వేగం చెప్పే ముల్లుకూ పెట్రోలు చెప్పే ముల్లుకూ చోటిచ్చింది. ఆ పేరే చివరికి కంప్యూటరు తెరమీదికి ఎక్కింది. ఖాతా తెరవగానే నిలవ ఎంత, బాకీ ఎంత, గడువు ఎప్పుడు అని చెప్పే మొదటి పుటను ఈనాడు డాష్‌బోర్డు అంటున్నాం. పాత పని కూడా పూర్తిగా పోలేదనే నా అభిప్రాయం. మనకు అక్కరలేని సమాచారం మీద చిమ్మకుండా ఆపేదే మంచి డాష్‌బోర్డు.

అయితే ఎవరికి ఏది అక్కర? చిక్కంతా అక్కడే ఉంది. కాలేజీ సంగతే చూడండి. విద్యార్థికి తన హాజరు, మార్కులు, ఫీజు కావాలి. లెక్చరరుకు ఇవాళ్టి తరగతులూ దిద్దవలసిన కాగితాలూ కావాలి. గుమాస్తాకు వసూలైన ఫీజు, రాని ఫీజు కావాలి. ప్రిన్సిపాలుకు అన్నీ కావాలి, కాని క్లుప్తంగా కావాలి. పోనీ విద్యార్థులందరికైనా ఒకటే సరిపోతుందా అంటే అదీ లేదు. హాస్టలు పిల్లకు మెస్సు బిల్లు ముఖ్యం. పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే కుర్రవాడికి మొదటి పీరియడు ఎన్నింటికన్నది ముఖ్యం. ఒక్కొక్కరికి ఒక్కొక్క తెర చేసి ఇవ్వటం ఏ ప్రోగ్రామరుకూ సాధ్యం కాదు. కనక తెరను చిన్న చిన్న పెట్టెలుగా విడగొట్టి, సర్దుకునే పని వాడుకునేవారికే వదిలిపెడతారు.

మన ఇళ్ళల్లో ఇట్లాంటి వస్తువు ఎప్పటినుంచో ఉంది. అదే పోపులపెట్టె. కొట్లో కొన్నప్పుడు అన్నీ ఒక్కటే: గుండ్రటి డబ్బా, లోపల చిన్న గిన్నెలు. ఇంటికి వచ్చాక ఒకామె నడిమి గిన్నెలో ఆవాలు పోస్తుంది, మరొకామె మినప్పప్పు పోస్తుంది. నూనె కాగుతూ ఉండగా కళ్ళతో వెతక్కుండానే చెయ్యి ఆవాల మీదికి పోతుంది. పొరుగింటి పోపులపెట్టె ఎంత అందంగా సర్ది ఉన్నా, దానితో పోపు పెట్టబోతే ఆవాలు దొరికేసరికి నూనె మాడుతుంది. తన తెరను తాను సర్దుకోవటంలో ఉన్న సుఖమంతా ఈ చేతి అలవాటే.

ఈ ఊహ కొత్తది కాదు. 1996లోనే యాహూ సంస్థ ‘మై యాహూ’ పేరుతో ఎవరి పుటను వారు సర్దుకునే వీలు కల్పించింది. 2005లో గూగుల్ అట్లాంటిదే పెట్టి, 2007లో దానికి ఐగూగుల్ అని పేరు మార్చి, 2013 నవంబరు 1న మూసివేసింది. అందరికీ ఒకే ముంగిలి పుట అన్న ఆలోచన వెనకబడింది గాని, కాలేజీలు, ఆస్పత్రులు, బ్యాంకులు, దుకాణాల లోపలి పనిలో ఈ పద్ధతి బాగా పాతుకుపోయింది.

మరి కట్టటం ఎట్లా? అన్నీ మొదటినుంచీ సొంతంగా రాసుకోనక్కర లేదు. ఇల్లు కట్టేవాడు ద్వారబంధాలూ కిటికీలూ అడితిలో సిద్ధంగా ఉన్నవి తెచ్చి నిలబెట్టినట్టే, వెబ్‌సైటు కట్టేవాడికి ఫ్రేమ్‌వర్కులు ఉన్నాయి. రూబీ భాషలో రెయిల్స్, పి.హెచ్.పి.లో లారవెల్, పైథాన్‌లో జాంగో అట్లాంటివి. వీటిలో జాంగో పుట్టుక పత్రికలు చదివేవారికి ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే అది పుట్టింది పత్రికాఫీసులో. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్ళో ‘లారెన్స్ జర్నల్-వరల్డ్’ అనే దినపత్రిక ఉంది. దాని వెబ్‌సైటు చూసే ఏడ్రియన్ హొలోవాటీ, సైమన్ విలిసన్ 2003లో దీనికి అంకురార్పణ చేశారు. పత్రికలో పని అంటే గంటల మీద తెమలాలి. అందుచేత ప్రతిసారీ రాయక తప్పని భాగాలన్నీ ఒకచోట కూర్చి పెట్టుకున్నారు. 2005 జూలైలో దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చారు. పేరు మాత్రం జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడిది. 1928లో అగ్నిప్రమాదంలో ఎడమచేతి రెండు వేళ్ళు దెబ్బతింటే, మిగిలిన వేళ్ళతోనే కొత్త బాణీ సాధించిన మనిషి ఆయన.

డేటాబేసు పట్టికలు, లాగిన్, అనుమతులు, పుటలు పోసే మూసలు జాంగోలో సిద్ధంగా ఉంటాయి. వాడుకునేవారు సర్దుకునే డాష్‌బోర్డు మాత్రం అందులో ఉండదు. దాన్ని మనమే కట్టుకోవాలి. అందుకు మూడు వస్తువులు కావాలి. ఒకటి, పెట్టెల జాబితా. హాజరు పెట్టె, మార్కుల పెట్టె, ఫీజు పెట్టె – ఒక్కొక్కదానికి ఒక గుర్తుపేరు, అది ఎవరు చూడవచ్చునో, అందులోకి సమాచారం ఎక్కడినుంచి తేవాలో ఆ జాబితాలో రాసి ఉంటుంది. రెండు, మొదటి అమరిక. కొత్తగా వచ్చినవారికి ఏ పెట్టెలు ఏ వరసలో కనబడాలో అది చెబుతుంది. మూడు, ఎవరి మార్పులు వారివి రాసి ఉంచే పట్టిక. విద్యార్థి లాగిన్ కాగానే సర్వరు ఈ మూడింటినీ కలిపి పుట తయారు చేస్తుంది. పెట్టెలను పుట వచ్చిన తరువాత ఒక్కొక్కటే విడిగా నింపేటట్టు చేస్తే, ఒక పెట్టె ఆలస్యమైనా మిగతావి ఆగిపోవు.

ఈ మూడో వస్తువు దగ్గరే ఒక గొయ్యి ఉంది. మా అన్నయ్యగారి అమ్మాయి చదివే కాలేజీలో ఇట్లాంటి డాష్‌బోర్డు పెట్టారు. కాలేజీ పేరు అనవసరం. ఆ పిల్ల శ్రద్ధ గలది. మొదటి వారంలోనే తన తెరను చక్కగా సర్దుకున్నది. రెండు నెలల తరువాత కాలేజీవారు ‘పరీక్ష ఫీజు గడువు’ అని కొత్త పెట్టె ఒకటి చేర్చారు. గడువు వచ్చింది, పోయింది. ఈ పిల్లకు తెలియలేదు. ఆఫీసులో అడిగితే, “అందరికీ కనబడింది, నీకెందుకు కనబడలేదు?” అన్నారట.

“బాబాయ్, నేను రోజూ చూస్తూనే ఉన్నాను. నాకు అందులో లేదు” అని నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకున్నది.

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. తెరమీద ఒక్క పెట్టెను కదిలించగానే ఆనాటి అమరిక మొత్తం ఆ మనిషి పేర నకలు తీసి దాచేటట్టు ఆ ప్రోగ్రాము రాశారు. తరువాత చేరిన పెట్టె పాత నకళ్ళలోకి ఎట్లా వస్తుంది? తెరను అసలు ముట్టుకోని బద్ధకస్తులకు కొత్త పెట్టె కనబడింది. శ్రద్ధగా సర్దుకున్నవారికి కనబడలేదు. డాష్‌బోర్డు వచ్చాక ఆఫీసు గోడమీది నోటీసు బోర్డు చూసేవారు ఎట్లాగూ లేరు. అపరాధ రుసుము కట్టి పరీక్ష రాసింది గాని, అన్నయ్య ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టాడు.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి కనక నాకు ఇది వ్యాకరణ దోషంలా కనిపించింది. మన భాషలో ‘వద్దు’ వేరు, ‘లేదు’ వేరు. వద్దు అంటే, ఉన్నదాన్ని చూసి కాదనటం. లేదు అంటే, అసలు ముందుకు రాకపోవటం. ఆ ప్రోగ్రాముకు రెండూ ఒక్కటే. నకలులో పేరు కనబడని ప్రతి పెట్టెనూ అది ‘వద్దు’ కిందే జమకట్టింది. విద్యార్థి వద్దన్నది మెస్సు బిల్లును. ఫీజు గడువును ఎన్నడూ వద్దనలేదు, ఎందుకంటే ఆ పిల్లకు ఎవరూ దాన్ని చూపించనే లేదు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. అమరిక మొత్తాన్ని నకలు తీయకుండా, మొదటి అమరికకూ ఆ మనిషి కోరికకూ ఉన్న తేడాను మాత్రమే రాసి ఉంచాలి. ‘హాజరు పెట్టె పైకి’, ‘మెస్సు బిల్లు వద్దు’ – ఇంతే. జాంగోలో దీనికి మనిషికొక వరస చాలు. 2020లో వచ్చిన 3.1 నుంచి అందులో జేసన్ ఫీల్డు అనే ఏర్పాటు, జాంగో పనిచేసే డేటాబేసులన్నిటితోనూ నడుస్తున్నది. ఇట్లాంటి చిన్న తేడాల చిట్టాకు అది బాగా ఒదుగుతుంది. చిట్టాలో పేరు లేని పెట్టెను మొదటి అమరికలో ఉన్నట్టే చూపించాలి. ఆ తరువాత తీసేస్తే అప్పుడది నిజమైన ‘వద్దు’. ‘మొదటి అమరికకు తీసుకుపో’ అనే మీట కూడా ఒకటి తప్పక ఉండాలి.

కొన్ని పెట్టెలకు వద్దనే వీలే ఉండకూడదు. పోపులపెట్టెలో ఏ గిన్నె ఎక్కడన్నది ఇల్లాలి ఇష్టం. గ్యాసు కట్టే మర ఎక్కడుండాలన్నది మాత్రం ఎవరి ఇష్టానికీ వదలరు. ఫీజు గడువు, పరీక్ష తేదీ అట్లాంటివి. అయితే ఇట్లాంటివి రెండు మూడుకు మించితే జనం వాటినీ చూడటం మానేస్తారు.

ఇక మూడో మాట ‘కూడదు’. తెరమీద కనబడకుండా దాచటం వేరు, చూడనివ్వకపోవటం వేరు. పెట్టెను బ్రౌజరులో దాచినంత మాత్రాన సమాచారం భద్రం కాదు. బీరువాకు తెర కట్టి తాళం వేశాననుకోవటం లాంటిదది. పుట చిరునామాలో హాల్ టికెట్ నంబరు పెట్టి, దాన్నిబట్టి మార్కులు తెచ్చే ప్రోగ్రాము ఒకటి ఉందనుకోండి. చివరి అంకె మార్చితే పక్కవాడి మార్కులు వస్తాయి. ఎవరి మార్కులు తేవాలో చిరునామా చెప్పకూడదు, లాగిన్ అయిన మనిషి ఎవరన్నదాన్నిబట్టి సర్వరే తేల్చుకోవాలి. అట్లాగే సర్దిన వరసను బ్రౌజరు తిరిగి పంపినప్పుడు, అందులోని ప్రతి గుర్తుపేరూ జాబితాలో ఉన్నదా, ఆ మనిషికి అనుమతి ఉన్నదా అని చూసిగాని దాచకూడదు. లాగిన్‌నూ అనుమతులనూ తనిఖీ చేసే సాధనాలు జాంగో ఇస్తుంది. ఎక్కడ వాడాలన్న వివేకం మాత్రం రాసేవాడిదే.

నాలుగో మాట ‘చేతకాదు’. పెట్టెను వేలితో పట్టి లాగి మరోచోట వదలటం పడుచువారికి ఆట. చెయ్యి వణికే పెద్ద గుమాస్తాకూ, మౌసు లేకుండా మీటలతోనే పనిచేసే చూపులేని విద్యార్థికీ అది గోడ. 2023 అక్టోబరులో వెలువడిన డబ్ల్యు.సి.ఎ.జి. 2.2 అనే అంతర్జాతీయ ప్రమాణం, లాగితేనే జరిగే పనికి లాగనక్కర లేని దారి కూడా చూపమంటున్నది. ప్రతి పెట్టె మీదా ‘పైకి’, ‘కిందికి’ అని రెండు మీటలు పెడితే సరిపోతుంది. అవి కీబోర్డుతో కూడా పనిచేయాలి.

మా కాలేజీలో కంప్యూటరు చదివే పిల్లలు తెరమీద పెట్టటానికి తెలుగు మాటలు కావాలని నా దగ్గరికి వస్తూ ఉంటారు. ‘కస్టమైజ్’కు తెలుగేమిటని అడిగితే ‘సర్దుకోవటం’ అని చెబుతాను. ఆ మాటకు మన వాడుకలో రెండర్థాలున్నాయి. వస్తువులను తన వీలుకు తగ్గట్టు అమర్చుకోవటం ఒకటి, ఉన్నదానితో తానే ఎట్లాగో ఇమిడిపోవటం రెండోది. తెర కట్టేవాడు జాగ్రత్తగా లేకపోతే, మొదటి అర్థంలో ఇచ్చినది వాడుకునేవాడికి రెండో అర్థంలో అందుతుంది. అందుకని ఆ పిల్లలకు పెట్టెల రంగులూ హంగులూ తరువాత చూసుకోమంటాను. వద్దు, లేదు, కూడదు, చేతకాదు – ఈ నాలుగు మాటలూ తమ ప్రోగ్రాములో నాలుగు చోట్ల విడివిడిగా ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి. ఉంటే ఆ డాష్‌బోర్డును ఏ పిల్లకైనా ధైర్యంగా ఇవ్వవచ్చు.