వేలు తెగితే తప్పెవరిది?

ఐటీఐ, డిప్లొమా పూర్తిచేసి ప్రెస్ షాపులో ఇంటర్వ్యూకి వెళ్తే జీతమెంత, ఓటీ ఉందా, రూము ఇస్తారా అని అడుగుతాం. మెషిన్‌కి గార్డు ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. బాలానగర్, జీడిమెట్ల లాంటి చోట్ల మొదటి ఉద్యోగం వెతుక్కునేవారు ఒక్కసారి హరియాణాలో ఏం జరుగుతోందో చూడాలి.

గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్ కార్లు, బైకుల తయారీకి పెద్ద కేంద్రాలు. పెద్ద కంపెనీ తన ప్లాంటులో బండి బిగిస్తుంది. అందులోకి వెళ్లే రేకు భాగాలు చాలావరకు చుట్టుపక్కల చిన్న యూనిట్లలో, పవర్ ప్రెస్‌ల మీద తయారవుతాయి. వేళ్లు ఎక్కువగా పోయేది అక్కడే. గాయపడిన కార్మికులకు సాయం చేసే ‘సేఫ్ ఇన్ ఇండియా’ సంస్థ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో నివేదికలు ఇస్తోంది. వాటిలో కనిపించేవారిలో ఎక్కువమంది ఊరు వదిలి వచ్చిన యువకులే. హెల్పర్‌గా చేరినవాణ్ని ప్రెస్ మీద నిలబెట్టడం అక్కడ మామూలు. చాలామందికి ఈఎస్‌ఐ కార్డు చేతికొచ్చింది ప్రమాదం జరిగాకే.

"కొత్తోడు, చూసుకోలేదు." ప్రమాదం తర్వాత సూపర్‌వైజర్ నోట వచ్చే మొదటి మాట ఇదే. కానీ ప్రెస్ ఎలా నడుస్తుందో చూడండి. ఆపరేటర్ ఒక చేత్తో రేకు ముక్కను డై కింద పెడతాడు, కాలితో పెడల్ తొక్కుతాడు, పైనుంచి దిమ్మ దిగుతుంది. షిఫ్టుకి వేలసార్లు ఇదే పని. పన్నెండో గంటలో చెయ్యి, కాలు ఒక్క క్షణం తేడాగా కదలడం అజాగ్రత్త కాదు, అలసట. రెండు చేతులతో రెండు బటన్లు నొక్కితేనే ప్రెస్ కదిలే ఏర్పాటుంటే చెయ్యి డై కిందికి వెళ్లే అవకాశమే ఉండదు. అయితే, దాంతో పీసులు తగ్గుతాయని ఒక బటన్‌ను నొక్కి కట్టేస్తారు, సెన్సర్ ఆపేస్తారు. పాతరకం కీ క్లచ్ ప్రెస్‌లతో ఇంకో చిక్కు ఉంది. ఒకసారి దిమ్మ కదిలితే మధ్యలో ఆగదు. క్లచ్ అరిగితే పెడల్ తొక్కకుండానే రెండోసారి దిగుతుంది. అలాంటిదానికి సెన్సర్ పెట్టినా లాభం లేదు, చెయ్యి లోపలికి పోకుండా అడ్డు ఉండాల్సిందే.

ఆ అడ్డు పెట్టడం యజమాని బాధ్యత అని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త భద్రతా కోడ్ ప్రకారం, యజమాని విధి తప్పడం వల్ల కార్మికుడికి తీవ్ర గాయమైతే ఏడాది వరకు జైలు, లేదా రూ.2 లక్షల నుంచి 4 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానాలో కనీసం సగం బాధితుడికి ఇప్పించే అధికారం కోర్టుకుంది. ఇది మంచిదే. అదే కోడ్‌లో, కరెంటుతో నడిచే యూనిట్‌ను ‘ఫ్యాక్టరీ’ అనడానికి ఇదివరకు 10 మంది కార్మికులు సరిపోతే ఇప్పుడు 20 మంది ఉండాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగే చిన్న ప్రెస్ షాపులే ఈ గీత కింద పడతాయన్నది నా భయం.

పోయిన వేళ్లకు లెక్క కూడా ఉంది. ఈఎస్‌ఐ పట్టికలో చూపుడు వేలు పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 14 శాతం, బొటనవేలు 30, ఒకే చేతికి రెండు వేళ్లు 20. నెలకు రూ.15,000 జీతగాడికి రెండు వేళ్లు పోయాయనుకుందాం. జీతంలో 90 శాతం, అంటే రూ.13,500. అందులో 20 శాతం రూ.2,700. జీవితాంతం నెలకు వచ్చేది అంతే. ఆ చేత్తో మళ్లీ ఫిట్టర్ పని ఎవరిస్తారు?

కొత్తగా చేరినవాడు గార్డు గురించి గట్టిగా అడిగితే గేటు చూపిస్తారు, నిజమే. అందుకే ఆర్డర్లిచ్చే పెద్ద కంపెనీలే తమ సప్లయర్ల ప్రెస్‌లను తనిఖీ చేయాలి. మనవైపు నుంచి చేయగలిగినవి కొన్నే. చేరేముందు ఫ్లోర్ చూపించమనండి, పాతవాళ్ల చేతులు చూడండి. నియామక పత్రం అడగండి, కొత్త కోడ్ ప్రకారం అది ఇవ్వాల్సిందే. కాంట్రాక్టర్ కింద చేరినా మొదటిరోజే ఈఎస్‌ఐ నంబరు తీసుకోండి. అప్రెంటిస్‌కి పనిలో గాయమైనా పరిహారం యజమానే ఇవ్వాలి. ఖర్మకాలి ఏదైనా జరిగితే, ప్రమాద రిపోర్టులో ‘కార్మికుడి అజాగ్రత్త’ అని రాశారేమో చదవకుండా సంతకం పెట్టొద్దు. చదవడం కుదరని స్థితిలో ఉంటే ఇంట్లోవాళ్లు వచ్చేదాకా ఆగండి.