తోక చూసి చెప్పాలి

ఏనుగులు దిగాయంటే ఊళ్లకు ఊళ్లే నిద్ర మానుకునే ప్రాంతం కుప్పం, గుడుపల్లె. అక్కడ పది గ్రాముల పిట్ట ఒకటి చింతతోపులో దిగితే ఎవరికి పట్టింది? అయినా చలికాలం రాగానే అది వస్తుంది. కొమ్మ మీంచి ఎగిరి గాల్లోనే పురుగును పట్టుకుంటుంది, తోక నిక్కించి ఆడిస్తుంది. తూర్పు ఐరోపా, రష్యా అడవుల్లో పుట్టి దక్షిణానికి వచ్చే ఎర్రగొంతు ఫ్లైక్యాచర్ అది.

చిక్కంతా పేరు తేల్చడంలో ఉంది. దీనికి సైబీరియా నుంచి వచ్చే దాయాది ఉంది, టైగా ఫ్లైక్యాచర్. పాత పుస్తకాల్లో రెండూ ఒకే జాతి. చూసేవాళ్ల కన్ను ముందు ఎర్రటి గొంతును వెతుకుతుంది. కానీ ఎదిగిన మగపిట్టకు తప్ప ఆ ఎరుపు ఉండదు. ఆడవాటిని, పిల్లల్ని గుర్తించాలంటే వీపు తోకతో కలిసేచోట చూడాలి. అక్కడి ఈకలు తోకంత నల్లగానో, ఇంకా నల్లగానో ఉంటే టైగా. కింది ముక్కు పాలిపోయినట్టుంటే ఎర్రగొంతుది. మూడోది కాశ్మీర్ ఫ్లైక్యాచర్. నీలగిరులకూ శ్రీలంకకూ చలికాలం గడపడానికి వెళ్లే ఈ పిట్టల సంఖ్య తగ్గిపోతోంది. మగదాని గొంతు, రొమ్ము ఎరుపుకు నల్లటి అంచు ఉంటుంది. దారిలో మన తోపుల్లో అది ఆగినా ఆగవచ్చు.

అరుదైన పిట్ట కనిపించిందన్న కబురు ఎక్కువగా సముద్రతీరపు పార్కుల నుంచో, నగరాల చెరువుగట్ల నుంచో వస్తుంది. అలసిన వలస పక్షులు తీరంలో వాలే మాట నిజమే. కానీ బైనాక్యులర్లు పట్టుకున్న మనుషులు ఉండేదీ అక్కడే. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ ఏ తీరాన ఉంది? బోడికొండల్ని పచ్చబరుచుకుంటూ, 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ క్షేత్రంగా ప్రకటించుకున్నారు. ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ అక్కడి పక్షుల మీద 1993లో పుస్తకమే వేశారు. వాళ్లు చూశారు కాబట్టే ఆ లోయ పక్షులు లోకానికి తెలిశాయి. గుడుపల్లె గుట్టలు అంతకంటే తీసిపోయినవని ఎవరూ తేల్చలేదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల్ని లెక్కపెడుతుంది. ఒక్కసారికి పావుగంట చాలు. గుడుపల్లె, కుప్పం బడుల్లోని టీచర్లు ఈసారి పిల్లల్ని ఆ పావుగంట చింతచెట్టు కింద నిలబెట్టాలి. కనిపించింది కనిపించినట్టు రాయించండి. పేరు తేలకపోతే పక్కన ప్రశ్నార్థకం పెట్టించండి, ఫొటో తీసేవాళ్లుంటే గొంతుతోపాటు తోకనూ తీయమనండి.